బోరు బండి పిలిచే ముందు తేల్చుకోవాల్సినవి

బోరు వేయిద్దామనుకోగానే మనవాళ్ళు బండి వాణ్ణి అడిగే మొట్టమొదటి మాట “ఇక్కడ నీళ్ళు పడతాయంటారా?” అని. పడతాయండీ, ఎందుకు పడవు, అంటాడాయన. అడుగుకింత అని లెక్కగట్టి డబ్బులు తీసుకునే మనిషి పడవని ఎందుకంటాడు? నీళ్ళు పడినా పడకపోయినా ఆయన డబ్బు ఆయనకి ముడుతుంది, ఎంత లోతుకి దిగితే అంత ముడుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఆ పని లెక్కే అంత. అందుకని నీళ్ళ సంగతి ఆయన్ని అడగడం మానేసి, ఆయన చేతిలో ఉన్నవి అడగండి. ఏ బండి తెస్తారు, ఎన్ని అంగుళాల బోరు, కేసింగు (బోరు పైభాగం కూలకుండా లోపల దింపే పైపు) ఎవరు తెస్తారు, అడుగులు ఎవరు లెక్కపెడతారు, ఎక్కడ ఆపాలో ఎవరు చెబుతారు, రేపు మోటారు ఆగిపోతే ఎవరొస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకీ, మెట్టలో జీడి, మామిడి తోటలున్నవాళ్ళకీ పనికొస్తుందని ఇదంతా ఒకచోట పెడుతున్నాను.

మీ నేల ఏ రకం

మన దగ్గర పది పదిహేను కిలోమీటర్లు పోతే కింద నేల మారిపోతుంది, దాన్ని బట్టి బండీ మారాలి, మనిషీ మారాలి. గజపతినగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు, ఇటు టెక్కలి, మెళియాపుట్టి, పాతపట్నం వైపు ఉన్నది తూర్పు కనుమల రాయి. ఖొండలైటు, చార్నకైటు, గ్రానైటు జాతులు. వీటిలో ఖొండలైటు పైపైన బాగా కుళ్ళిపోతుంది. ముందు ఎర్రమట్టి, దాని కింద తెల్లగానో పసుప్పచ్చగానో చేత్తో నలిపితే నలిగిపోయే మెత్తరాయి, ఆ కింద గట్టిరాయి. నీళ్ళుండేది ఆ మెత్తరాయి అడుగునా, గట్టిరాయి పైభాగంలోని పగుళ్ళలోనూ. లోతుకి పోయేకొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి కాబట్టి “ఇంకో రెండొందల అడుగులు దింపుదాం, గంగమ్మ పొంగుతుంది” అన్న మాట ఇక్కడ చాలాసార్లు ఖర్చుగానే మిగులుతుంది. ఈ నేలకి కావాల్సింది కంప్రెసరు గాలితో హ్యామరు కొట్టే లారీ బండి.

నాగావళి, వంశధార పక్కనా, సముద్రం వైపు భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, గార, సంతబొమ్మాళి, కవిటి పల్లెల్లోనూ కథ వేరు. అక్కడ ఇసక. ఇసకలో హ్యామరు బండి పెడితే గోడలు కూలిపోతాయి. నీళ్ళు పోస్తూ తిప్పే రోటరీ కావాలి, లేదా తక్కువ లోతైతే మనుషులు చేత్తో దింపే ఫిల్టర్ బోరు చాలు. పైపుకి సన్నగా కోతలుండే ఫిల్టరు, దాని చుట్టూ గులకరాళ్ళు, ఆపైన మట్టి వచ్చినంతసేపూ కంప్రెసరుతో కడగడం, ఈ మూడూ సరిగ్గా చేసే మనిషిని వెతకాలి. రాతి బోర్లు వేసి పేరు తెచ్చుకున్నవాడు ఇసకలో కూడా బాగా చేస్తాడని నమ్మకం లేదు.

సముద్రం దగ్గర లోతు ఆశ అస్సలు పెట్టుకోవద్దు. అక్కడ ఉప్పునీటి మీద మంచినీరు తేలి ఉంటుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. అంటే పెద్ద మోటారు పెట్టి పైన ఒక అడుగు లాగేస్తే, కింద నుంచి ఉప్పు దాదాపు 40 అడుగులు పైకి రావడానికి చూస్తుంది. అక్కడ చిన్న మోటారు, తక్కువ లోతు, ఆపి ఆపి తోడటం. తోటకి ఎక్కువ కావాలంటే ఒక లోతు బోరు కన్నా దూరం దూరంగా రెండు పైబోర్లు మేలు. “పక్కవాడిది 60 అడుగులే, మనం 150 వేద్దాం” అనే కంట్రాక్టరు ఈ ఊళ్ళలో మీకు అక్కర్లేదు.

చోటు చూడటం

అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడటం, వేప పుల్ల కిందికి వంగటం, ఇవన్నీ మన ఊళ్ళలో ఉన్నవే. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే వినరు కూడా. చూపించుకోండి, తప్పులేదు, కానీ ఆ ఒక్కదాని మీద లక్షలు పెట్టకండి. భూగర్భ జల శాఖ కార్యాలయాలు జిల్లా కేంద్రాల్లో ఉన్నాయి, అక్కడ అడిగితే భూమిలోకి కరెంటు పంపి రాయి ఎక్కడ మెత్తగా ఉందో కొలిచే సర్వే గురించి చెబుతారు. ప్రైవేటు జియాలజిస్టులూ చేస్తారు. ఆ సర్వే కూడా నీళ్ళకి గ్యారంటీ కాదు, మెత్తరాయి ఎంత మందం ఉండొచ్చో ఒక అంచనా. అయితే కేసింగు ఖర్చు ఎంతవుతుందో ముందే తెలియడానికి ఆ అంచనా బాగా పనికొస్తుంది.

వీటన్నిటికన్నా మంచి సాక్ష్యం చుట్టుపక్కల బోర్లు, నూతులు. నాలుగిళ్ళు తిరిగి అడగండి. ఎన్ని అడుగులు, కేసింగు ఎంత పట్టింది, నీళ్ళు మొదట ఎన్నో అడుగులో తగిలాయి, మే నెలలో ఎంతసేపు తోడితే ఆగిపోతుంది, వేసినవాళ్ళెవరు. మే నెల సంగతి తప్పకుండా అడగాలి. కార్తీక మాసంలో మన జిల్లాల్లో ఏ నూతిలో చూసినా నీళ్ళే.

మరుగుదొడ్డి గుంతకీ బోరుకీ కనీసం 50 అడుగుల దూరం చూసుకోండి, గుంత ఎగువనా బోరు దిగువనా అసలు వద్దు. బండి లారీ లోపలికి వచ్చే దారి, పైన కరెంటు తీగలు, వచ్చే బురద పోవడానికి పల్లం, ఇవి కూడా ముందే చూడాలి. పొలంలో అయితే వరి కోసి గట్లు ఆరాక, సంక్రాంతి దాటాక వేయించడం తేలిక. ఏప్రిల్, మే నెలల్లో వేస్తే నీటిమట్టం బాగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి అప్పుడు పడిన నీళ్ళు నమ్మకమైనవి. కాకపోతే అప్పుడే అందరికీ బండి కావాలి, రేటూ పెరుగుతుంది.

అనుమతి సంగతి దాటేయొద్దు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకి అనుమతి తీసుకోవాలి, బోరు బండికి కూడా రిజిస్ట్రేషను ఉండాలి. ఊరి మంచినీటి బోరుకి 250 మీటర్ల లోపల మీరు వేయించబోతే అభ్యంతరం వస్తుంది. గ్రామ సచివాలయంలో అడిగితే దరఖాస్తు ఎలాగో చెబుతారు. “అవన్నీ ఎవరు చూస్తారండీ, రాత్రికి వేసేసి పోతాం” అన్నవాడు రేపు గొడవొస్తే ఫోనెత్తడు.

మనిషిని వెతకడం, కాగితం మీద పెట్టడం

కరెంటు స్తంభాలకి కట్టిన బోర్డుల మీద ఉండే ఫోన్ నంబర్లు చాలామటుకు ఏజెంట్లవి. బండి వాళ్ళది కాదు. బండి ఎక్కడో తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చి ఉంటుంది, బోరు బళ్ళకి ఆ ఊరు పెట్టింది పేరు. పనివాళ్ళు ఇంకో రాష్ట్రం వాళ్ళు. వాళ్ళు పనిమంతులే, రాత్రీ పగలూ చేస్తారు. కానీ తెల్లారేసరికి బండి ఇంకో జిల్లాలో ఉంటుంది. ఏదైనా తేడా వస్తే మీరు మాట్లాడాల్సింది ఏజెంటుతోనే. అందుకని ఏజెంటు ఉన్నా పర్వాలేదు, కానీ ఆయన మీ మండలం మనిషై ఉండాలి, దుకాణమో ఇల్లో తెలిసి ఉండాలి, అంతకు ముందు వేయించిన మూడు నాలుగు బోర్లు చూపించగలగాలి. చూపించిన చోటికి ఆయన లేకుండా మీరొక్కరే వెళ్ళండి, అప్పుడే అసలు మాట బయటికొస్తుంది.

రేటు అడిగినప్పుడు “అడుగుకి ఇంత” అన్న ఒక్క మాటతో ఫోను పెట్టేయకండి. ఆ రేటు సాధారణంగా 300 అడుగుల దాకానే ఉంటుంది, ఆపైన ప్రతి వంద అడుగులకీ పెరుగుతూ పోతుంది, ఒక్కో మెట్టునీ స్లాబు అంటారు. కనీసం ఇన్ని అడుగులకి డబ్బివ్వాలి అనే మినిమం ఉంటుంది, మీకు 90 అడుగుల్లో నీళ్ళు పడి చాలన్నా ఆ మినిమం కట్టాల్సిందే. కేసింగు పైపు వేరు, దాన్ని దింపే కూలి వేరు, బండి రవాణా, పనివాళ్ళ బేటా (రోజు బత్తా), భోజనాలు, కడిగే గంటలు. అడుగు రేటు అందరికన్నా తక్కువ చెప్పినవాడు సాధారణంగా కేసింగులో లాగుతాడు. అడుగు లెక్కన కేసింగు అమ్మేవాడికి ఇంకో రెండు పైపులు దింపాలనిపిస్తుంది, అంతా కలిపి గుత్తకి ఒప్పుకున్నవాడికి రెండు పైపులు తగ్గించాలనిపిస్తుంది. ఏ బేరం చేసుకున్నారో దాన్ని బట్టి మీ కళ్ళు ఎటుండాలో తెలుస్తుంది.

“నీళ్ళు పడకపోతే పైసా వద్దు” అనే బేరాలు కూడా వస్తుంటాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు. ఆ నష్టం ఎక్కడో రేటులో కలిసే ఉంటుంది, పైగా నీళ్ళు పడటమంటే ఎంత అని ఎవరూ రాసుకోరు. అర అంగుళం తడి కనపడగానే పడ్డాయంటారు.

ఒక తెల్లకాగితం చాలు. బోరు వెడల్పు (ఇళ్ళకీ తోటలకీ ఎక్కువగా ఆరున్నర అంగుళాలు, తక్కువ ఖర్చుకి నాలుగున్నర), అడుగు రేట్లు స్లాబుల వారీగా, కేసింగు కంపెనీ, రకం, రేటు, మిగతా ఖర్చులన్నీ, మీరు ఆపమన్నప్పుడు ఆపాలి అన్న మాట, కడగడం ఎన్ని గంటలు, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం. అడ్వాన్సు డీజిలు ఖర్చుకి సరిపడా ఇవ్వండి, మిగతాది బోరు కడిగి, లోతు కొలిచి, మూత పెట్టాక. అన్నీ ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో వెళ్తే లెక్క మిగులుతుంది.

కేసింగు గురించి ఇంకొంచెం. బోరు పైపులకి వేరే ప్రమాణం ఉంది, పైపు మీద ఐఎస్ 12818 అని అచ్చు ఉండాలి. 80 మీటర్ల లోపు బోర్లకి సీఎస్ రకం, అంతకు మించితే సీఎం రకం. పొలాలకి నీళ్ళు పారించే పల్చటి బూడిదరంగు పైపు తెచ్చి దింపేవాళ్ళున్నారు. మట్టి ఒత్తిడికి అది నొక్కుకుపోతే మోటారు లోపలే ఇరుక్కుంటుంది, పైకీ రాదు కిందికీ పోదు.

బోరు వేసే రోజు

ఆ రోజు ఇంట్లో ఒకరు అక్కడే కూర్చోవాలి, టీలు మోయడానికి కాదు, లెక్కకి. బండి వచ్చాక ముందు ఒక రాడ్డు పొడవు టేపుతో కొలవండి, చాలా బళ్ళలో 20 అడుగులు ఉంటుంది, కొన్నిటిలో తక్కువ. పక్కన గోడ మీద చాక్‌పీసుతో రాడ్డు దిగినప్పుడల్లా ఒక గీత. గీతలు గుణించు రాడ్డు పొడవు, అదే మీ లోతు. హ్యామరు చివరుండే బిట్టు వెడల్పు కూడా కొలవండి, అరిగిపోయిన బిట్టుతో ఆరున్నర అంగుళాల బోరు ఆరుకి దిగిపోతుంది, తర్వాత మోటారు దింపేటప్పుడు బిగుసుకుంటుంది. కేసింగు పైపులు లారీలోంచి దించగానే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఫొటో తీసుకోండి, పని అయ్యాక మిగిలినవి తీసేస్తే లోపల ఎన్ని ఉన్నాయో తేలుతుంది. చీపురుపల్లి పక్కన మా బంధువుల ఇంట్లో బిల్లులో కేసింగు 80 అడుగులని రాస్తే, ఆ ఫొటో చూపించగానే అది 60కి దిగింది. మారుమాట కూడా లేదు.

ప్రతి రాడ్డుకీ పైకి వచ్చే పొడిని ఒక గుప్పెడు తీసి నేల మీద వరసగా కుప్పలు పెట్టించండి. ఎర్రమట్టి, తర్వాత పసుపు, తెలుపు, తర్వాత మెరిసే రాతి ముక్కలు, అలా రంగు మారుతుంటే మీకే తెలిసిపోతుంది ఎక్కడున్నారో. మెత్తరాయిలో రాడ్డు చకచకా దిగిపోతుంది, గట్టిరాయి తగలగానే హ్యామరు చప్పుడు మారి పని నెమ్మదిస్తుంది. కేసింగు ఆ గట్టిరాయిలోకి కొన్ని అడుగులు దిగి కూర్చోవాలి. మెత్తరాయి మీదే కూర్చోబెట్టేస్తే, కొన్నాళ్ళకి పక్కల నుంచి మట్టి జారి నీళ్ళు ఎర్రగా వస్తాయి, మోటారు అరిగిపోతుంది. కాబట్టి హ్యామరు పైకి తీసి కేసింగు దింపే ముందు “రాయి తగిలిందా మేస్త్రీ, ముక్కలు చూపించు” అని అడగండి. పొడి కాదు, ముక్కలు కనపడాలి.

నీళ్ళు పడ్డాక ఎంత పడ్డాయో కొలిపించండి. ఒక డబ్బాకి వీ ఆకారంలో కోత పెట్టి నీళ్ళు దాని మీంచి పారనిస్తారు, కోతలో నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో అది అంగుళాల్లో చెబుతారు. ఈ అంగుళాల లెక్క చాలామందికి తెలీదు. తొంభై డిగ్రీల కోతలో ఒక అంగుళం అంటే గంటకి సుమారు 500 లీటర్లు. రెండు అంగుళాలంటే రెట్టింపు కాదు, గంటకి సుమారు 2,900 లీటర్లు. మూడు అంగుళాలకి దాదాపు 8,000. కొంతమంది పైపు వెడల్పుని అంగుళాలుగా చెప్పేస్తారు, “రెండించుల నీళ్ళు సార్” అంటే ఏ లెక్కలో అని అడగాలి. కంప్రెసరు గాలి తోసినప్పుడు కనపడే నీళ్ళు రోజూ అంతే వస్తాయనుకోవద్దు, ఎండాకాలానికి కొంత తగ్గుతుంది.

ఇక ఎక్కడ ఆపాలన్నది. ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. అయిదుగురికి 275. మొక్కలూ, బట్టలూ, పశువూ కలిపి దానికి నాలుగింతలు వేసుకున్నా, ఒక అంగుళం నీళ్ళు పడిన బోరు రెండు మూడు గంటలు ఆడితే ఇంటికి చాలు. అక్కడ ఆపేయండి. కాస్త గుంత ఉంటే నీళ్ళు ఊరి నిలుస్తాయని ఒకటి రెండు రాడ్లు అదనంగా దింపితే అందులో అర్థముంది, అంతకు మించి “వచ్చాం కదా, ఇంకో వంద” అన్నది స్లాబు మారాక అసలు వద్దు. గరిష్ఠంగా ఇన్ని అడుగులు అని ముందే ఇంట్లో అనుకుని ఉండండి, అక్కడ హ్యామరు చప్పుడు మధ్యలో తీసుకునే నిర్ణయాలు టెన్షన్‌తో తీసుకున్నవే.

తర్వాత తేటనీళ్ళు వచ్చేదాకా కడగడం, తాడుకి బరువు కట్టి లోతు కొలవడం, ఉక్కు మూత వెల్డింగు. పసిపిల్లలు బోరుగుంతల్లో పడిపోయిన సంఘటనల తర్వాత సుప్రీంకోర్టు 2010లో నియమాలు పెట్టింది. వేసేటప్పుడు యజమాని, బండి వాళ్ళ వివరాలతో బోర్డు, చుట్టూ కంచె, కేసింగు చుట్టూ సిమెంటు గట్టు, అది భూమి పైకి 30 సెంటీమీటర్లు, కిందికి 30. నీళ్ళు పడని బోరుని అడుగు నుంచి పైదాకా మట్టి, రాళ్ళతో పూడ్చాలి. పైన గోనెసంచి పెట్టి రాయి పెట్టేసి పోతామంటే ఊరుకోవద్దు. పూడ్చేదాకా చివరి డబ్బులు ఇవ్వకండి, మళ్ళీ పిలిస్తే రారు.

మోటారు, ఆ తర్వాత సర్వీసు

మోటారుని హార్స్‌పవరు చూసి కాదు, బోరు ఇచ్చే నీళ్ళని బట్టి కొనాలి. గంటకి 500 లీటర్లు ఊరే బోరులో గంటకి 2,000 లాగే మోటారు పెడితే ఖాళీగా తిరిగి కాలిపోతుంది. అప్పుడు స్టార్టరులో నీళ్ళు లేకపోతే ఆపేసే ఏర్పాటు తప్పనిసరి. మోటారు అడుక్కి ఆనకుండా 10, 20 అడుగులు పైన వేలాడాలి, బురద లాగకుండా. గట్టి నైలాను తాడు వేరుగా కట్టించండి, పైపు ఊడినా మోటారు లోపలికి పోదు. బిగించిన రోజే 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 4 నిమిషాలైతే గంటకి 3,000 లీటర్లు. మెకానిక్కు దగ్గర క్లాంపు మీటరుంటే ఎన్ని ఆంప్స్ లాగుతోందో కూడా చూపించమనండి. ఈ రెండూ, బోరు లోతు, కేసింగు అడుగులు, మోటారు పెట్టిన లోతు, తేదీ, ఒక కాగితం మీద రాసి స్టార్టరు డబ్బా లోపల అతికించండి. రెండేళ్ళ తర్వాత నీళ్ళు తగ్గాయంటే బోరు తగ్గిందా, మోటారు అరిగిందా అని వచ్చిన మెకానిక్కు దాన్ని చూసి చెప్పగలడు, లేకపోతే ముందు మోటారు పైకి తీద్దాం అంటాడు, తీయడానికీ దింపడానికీ కూలి.

సర్వీసుకి బోరు వేసినవాడు అక్కర్లేదు, దగ్గర్లో ఉన్న మనిషి కావాలి. మూడుకాళ్ళ స్టాండు, గొలుసు కప్పీ, ఇద్దరు మనుషులు సొంతంగా ఉన్నవాడా, ఎవరి దగ్గరో అడిగి తెస్తాడా అని చూడండి. మోటారు బయటికి తీయగానే “వైండింగ్ పోయిందండీ” అంటే అక్కడే మీటరు పెట్టి చూపించమనండి. చాలాసార్లు పోయేది కెపాసిటరో, కేబులు జాయింటో. గ్యారంటీ ఉండగా బయట రీవైండింగ్ చేయిస్తే గ్యారంటీ పోతుంది. పొలానికి కొత్త కరెంటు కనెక్షను కావాలంటే మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు ముందే పెట్టుకోండి.

నీళ్ళు తాగడానికైతే పరీక్ష చేయించాకే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చేస్తారు. నీళ్ళలో కరిగిన ఉప్పులు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా. ఫ్లోరైడు 1 దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5. నైట్రేటు 45 లోపు. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనుల ప్రాంతం కాబట్టి ఇనుముతో పాటు మాంగనీసు కూడా చూడమనండి, నీళ్ళు పట్టిన పాత్రలకి నల్లటి మరక వస్తుంటే తప్పకుండా. ఉద్దానంలో కిడ్నీ జబ్బులకి కారణం ఫలానా అని పరిశోధనలు ఇంకా తేల్చలేదు. అక్కడ హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్ళు అందుతుంటే తాగడానికి అవే వాడుకుని బోరుని మిగతా పనులకి ఉంచుకోవడం మేలు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేక మోటారు బోర్లున్నవాళ్ళు చేతిపంపుల దగ్గర నిలబడ్డారు. మీకు పాత నుయ్యి ఉంటే బోరు పడింది కదా అని పూడ్చేయకండి. ఒకవేళ వరదనీరు బోరు గట్టు మీదకి ఎక్కితే, నీళ్ళు తీశాక తేట పడేదాకా తోడేసి, బ్లీచింగ్ ఎంత వేయాలో సచివాలయంలో ఇంజినీరింగు అసిస్టెంటుని అడిగి వేయించి, మళ్ళీ ఒక సీసా ల్యాబుకి పంపాకే తాగండి.